చిన్నోడి అసలు పేరు

"తలుపు," అన్నాడు కొడుకు, తండ్రి వెనక నిలబడి.

"తలుపు," అన్నాడు తండ్రి.

"సబ్బు."

"డబ్బు."

"సబ్బు, నాన్నా."

"స్పష్టంగా చెప్పవోయ్ మరి! నోట్లో గొణుక్కుంటే చెవిలో సైరన్ పెట్టినా వినపడదు."

ఏ విశేషమూ లేని మామూలు ఉదయం. పొయ్యి మీద టీ మరుగుతోంది. ముందు గదిలో స్టూలు మీద తండ్రి గోడవైపు తిరిగి, పరీక్షకి కూర్చున్న పిల్లాడిలా బిగుసుకుపోయి ఉన్నాడు. ఆయన కుడిచెవి వెనక చిక్కుడు గింజంత కొత్త మిషను. పనిలో ఉన్నన్నాళ్లూ ఇనప వంతెనలకు రివిట్లు కొట్టిన మేస్త్రీ ఆయన. ఆ చప్పుడు చెవుల్ని తినేసింది. మంచినీళ్లు అడిగితే కళ్లజోడు తెచ్చివ్వడం, దానికి భార్య నెత్తీనోరూ కొట్టుకోవడం ఇంట్లో రోజువారీ వ్యవహారమైపోయింది.

కొడుకు చెవి మిషన్ల దుకాణంలో పని చేస్తాడు. మిషను కుదిరిందో లేదో చూడడానికి వాళ్లకో పద్ధతి ఉంది. పెదాలు చూసి పోల్చుకోకుండా మనిషిని అటు తిప్పి కూర్చోబెట్టి, వెనక నుంచి మామూలు గొంతుతో ఒక్కో మాటే చెప్పాలి. విన్నవాడు ఆ మాటే తిరిగి అనాలి.

కిటికీ పక్క వెలుతురులో తల్లి దిండు గలీబు మీద పేరు కుడుతూ ఈ తమాషా చూసి నవ్వుకుంటోంది. పేర్లు కుట్టడమే ఆవిడ బతుకుతెరువు. బడిపిల్లల చొక్కా జేబుల మీద, ఆసుపత్రి దుప్పట్ల మీద, ఎవరెవరి రుమాళ్ల మీదో ఆవిడ కుట్టిన పేర్లు ఊరంతా తిరుగుతుంటాయి.

"గొడుగు."

"గొడుగు."

"నీళ్లు."

"నీళ్లు. అరే, బాగానే వినపడుతోందే! ఇహ మీ అమ్మ సణుగుడు కూడా వినపడుతుంది కాబోలు, నా ఖర్మ."

కొడుకు నవ్వలేదు.

"ప్రోకులస్."

తండ్రి మాట్లాడలేదు. తల్లి చేతిలో సూది ఆగిపోయింది.

"ప్రోకులస్," అన్నాడు కొడుకు మళ్లీ, కాస్త గట్టిగా.

తండ్రి గోడమీద ఊడిన సున్నం పెచ్చునే చూస్తూ చెవి తడుముకున్నాడు. "బ్యాటరీ అయిపోయినట్టుందిరా," అన్నాడు.

"ఇందాకే వేశాను నాన్నా. కొత్తది."

"ఈమధ్య కొత్తవి కూడా నాసిరకమే వస్తున్నాయి."

ప్రోకులస్ అన్నది ఆ కొడుకు పేరే. లాటిన్ పేరు. ఊరు మొత్తం గాలించినా ఇంకొకడికి లేదు. బళ్లో వేసిన రోజే పిల్లలు "పొక్లెయినర్" అని మొదలెట్టారు, మట్టి తవ్వే మిషనుకి ఉన్న పేరు తగిలించి. హాజరు పిలిచే మాస్టారు ఈ పేరు దగ్గరికి రాగానే ఓసారి గొంతు సవరించుకునేవారు. అదంతా పిల్లాడు నవ్వుతూ భరించాడు. భరించలేకపోయింది ఒక్కటే. ఊహ తెలిశాక తండ్రి నోట ఆ పేరు ఒక్కసారి కూడా వినలేదు. ఎప్పుడూ "చిన్నోడా", "ఒరేయ్ చిన్నోడా", కోపమొస్తే "ఏమోయ్ పెద్దమనిషీ". ఉన్నదే ఒక్కడు కదా, చిన్నోడెలా అయ్యాడు, పెద్దోడేడీ అని చుట్టుపక్కలవాళ్లు వేళాకోళమాడేవారు. ఆ వేళాకోళానికి తల్లీ తండ్రీ ఇద్దరూ నవ్వేవారు కాదు.

"సరేలెండి. మిషను బాగానే ఉంది," అన్నాడు కొడుకు సామాను పెట్టెలో సర్దుతూ. "నేను రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లాలి. పేరు మార్చుకోవడానికి అర్జీ పెట్టాను. ఇవాళ వెళ్లి సంతకం చేస్తే అయిపోతుంది."

"ఎవరి పేరు?" అంది తల్లి.

"నాదేనమ్మా. 'చిన్నా' అని రాయించుకుంటున్నాను. ఎలాగూ ఇంట్లో పిలిచేది అదేగా."

"నేను పిలిచేది అది కాదు."

"నువ్వు పిలుస్తావమ్మా. కాదనట్లేదు. నువ్వొక్కదానివీ పిలిస్తే సరిపోతుందా?"

తండ్రి స్టూలు మీదే ఇటు తిరిగాడు. ఆయన మొహంలో ఏళ్ల తరబడి మోసిన బరువు దింపుకున్నంత తేలిక కనపడింది. "మంచి పనే," అన్నాడు. "పొట్టిగా, హాయిగా ఉంటుంది. ఎవడి నోరూ తిరగక్కర్లేదు."

"అది మాత్రం బాగానే వినపడిందేం మీకు?" అంది తల్లి.

గలీబు పక్కన పెట్టి ఆవిడ లేచింది. ఈ ఇంట్లో ఆవిడ గొంతు పెంచి ఎరగదు. కోపమొస్తే దారం పళ్లతో పుటుక్కున తెంపుతుంది, అంతే. ఇవాళ మాత్రం లోపలి గదిలోకి విసురుగా వెళ్లి, మంచం కింద నుంచి తండ్రి పాత రేకుపెట్టె బరబరా లాక్కొచ్చి గది మధ్యలో మూత తెరిచింది. పాత పని బట్టలు, తోలు చేతితొడుగులు తీసి అవతల పారేసింది. అడుగున తెల్లటి జేబురుమాళ్లు. పెట్టిన మడత పెట్టినట్టే ఉన్నాయి. ప్రతిదాని మూలా నీలం దారంతో ఒకటే పేరు.

"చూడరా అబ్బాయ్! నువ్వు పుట్టినప్పట్నుంచీ మీ నాన్న వంతెన పనికి వెళ్లినప్పుడల్లా ఒక్కోటి కుట్టి మూటలో పెట్టేదాన్ని. ఎంత దూరంలో ఉన్నా పిల్లాడు జేబులో ఉంటాడు కదా అని. ఒక్కటంటే ఒక్కటి వాడలేదు ఈయన. చొక్కా చేత్తో మూతి తుడుచుకున్నాడు గానీ దీన్ని ముట్టుకోలేదు. నేనెన్నడూ అడగలేదు. ఇవాళ అడుగుతున్నా. ఏం పాపం చేసిందండీ ఈ పేరు?"

"ఎందుకే ఇప్పుడవన్నీ..."

"ఇప్పుడే కావాలి. వాడు గడప దాటాక దేనికి?"

"అమ్మా, వదిలెయ్," అన్నాడు కొడుకు. కానీ తానే వదల్లేకపోయాడు. తండ్రి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "నాన్నా, చిన్నప్పుడు నేనేమనుకునేవాణ్ణో తెలుసా? మీకు ఆ పేరు వినపడదేమో అనుకునేవాణ్ణి. రివిట్ల చప్పుడికి అన్ని మాటలూ పోయినట్టే నా పేరూ పోయిందేమో, చెవులు బాగైతే పిలుస్తారేమో అనుకున్నాను. నేనీ పని ఎందుకు నేర్చుకున్నాననుకున్నారు? ఇంకే పనీ దొరక్కా? ఇవాళ మిషను పెట్టాను. సబ్బు వినపడింది, గొడుగు వినపడింది. నా పేరు మాత్రం వినపడలేదు!"

తండ్రి లేచి నిలబడ్డాడు. ముసలితనంలోనూ ఆ మనిషి గొంతు వంతెన ఈ చివరి నుంచి ఆ చివరికి వినపడేంత గొంతు. "వినపడింది!" అని అరిచాడు. "అన్నిసార్లూ వినపడింది! చెవిటివాణ్ణి అయ్యానే గానీ సిగ్గులేనివాణ్ణి కాలేదు! నన్ను దెప్పడానికే పెట్టిన పేరది. మీ అమ్మని అడుగు!"

"నేనా? దెప్పడమా?" తల్లి నోరు తెరిచి చూసింది.

"మరేమిటి? వాడు పుట్టాక పేరు కుట్టి రుమాలు పంపావు. అది పట్టుకుని చంకలు గుద్దుకుంటూ సైటంతా తిరిగి చూపించాను, కొడుకు పుట్టాడని. మా ఇంజినీరు లాటిన్ చదువుకున్నవాడు. చూసి పకపకా నవ్వాడు. 'పెట్టినవాళ్లెవరో బాగా తెలిసే పెట్టారయ్యా! తండ్రి దూరంగా తిరుగుతున్నప్పుడు పుట్టినవాడని దీని అర్థం,' అన్నాడు. కూలీల దగ్గర్నుంచి వంటవాడి దాకా నవ్వనివాడు లేడు. ఆ తర్వాత నువ్వు ప్రతి ప్రయాణానికీ అదే కుట్టి పెడుతుంటే నేనేమనుకోవాలి? అన్నం తిని మూతి తుడుచుకుందామని తీస్తే, పెళ్లాం కానుపుకి కూడా రాలేదు నువ్వు అని అక్షరాలు నన్ను వెక్కిరిస్తుంటే?"

తల్లి కుర్చీలో కూలబడింది.

అంతలో మెట్లమీద కర్ర చప్పుడు వినపడింది. పై వాటాలో ఉండే టీచరమ్మ. ఒకప్పుడు లాటిన్ పాఠాలు చెప్పిన మనిషి. ఎనభై దాటినా నోటి పదును తగ్గలేదు. తన దిండు గలీబు కోసం వచ్చానని చెప్పింది గానీ కళ్లు మాత్రం పెట్టె మీదా రుమాళ్ల మీదా తిరిగాయి.

"చెవి మిషను పెట్టింది మేస్త్రీకి, వినపడుతున్నది మాత్రం వీధిలో అందరికీ," అంది. "నా చెవులకి ఏ మిషనూ అక్కర్లేదమ్మాయ్. ఉన్నదున్నట్టు విన్నాను. తప్పు నాది."

"మీరేం చేశారు టీచరమ్మా?" అంది తల్లి.

"ఆ పేరు చెప్పింది నేనే కదా." టీచరమ్మ స్టూలు మీద కూర్చుని తండ్రి వైపు తిరిగింది. "ఇదిగో మేస్త్రీ, ఆ ఇంజినీరు చెప్పింది అబద్ధం కాదు. 'ప్రోకుల్' అంటే లాటిన్‌లో దూరం. తండ్రి దేశాంతరంలో ఉండగా పుట్టినవాణ్ణి అలా పిలిచేవారని పాత నిఘంటువుల్లో ఉంది. కానీ ఆ పక్కనే ఇంకో మాట కూడా ఉందయ్యా. తల్లిదండ్రులు వయసులో చాలా దూరం వచ్చేశాక, ఇక లేదనుకున్నాక పుట్టినవాడు. నీ పెళ్లాం పచ్చి బాలింత. పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని, 'టీచరమ్మా, మేం చాలా దూరం వచ్చేశాం, ఇహ వెనక్కి చూసే ఓపిక కూడా లేదనుకున్నాక వీడొచ్చాడు, అలాంటి పేరేదైనా ఉందా' అని అడిగింది. ఉందన్నాను. ఆ రెండో అర్థం ఒక్కటే చెప్పాను. మొదటిది కావాలనే దాచాను. అసలే మొగుడు దగ్గర లేని మనిషి, అది విని బాధపడుతుందని. పోనీ, నువ్వొచ్చాక నీకైనా చెప్పాల్సింది. పేరు అందరికీ నచ్చిందనుకున్నాను."

తండ్రి మిషనున్న చెవిని ఇంకాస్త ముందుకు వంచాడు, ఒక్క ముక్క కూడా పోకూడదన్నట్టు.

"నాకు తెలీదండీ," అంది తల్లి. కళ్లనీళ్లు ధారలు కడుతున్నాయి. "ఆ అర్థం ఉందని ఇవాళే వింటున్నా. తెలిస్తే ఆ పేరు పెట్టేదాన్నా? ఒక్కసారి అడగలేకపోయారా నన్ను?"

"ఎలా అడగను?" ఆయన గొంతు ఉన్నట్టుండి చిన్నదైపోయింది. "అడిగితే, ఎందుకు రాలేదని నువ్వడుగుతావు. ఏం చెప్పను? పని ఒత్తిడని అబద్ధం చెప్పాను నీకు. ఒత్తిడి లేదు, పాడూ లేదు. నేనే వెళ్లి ఇంకా దూరం పంపమని బతిమాలుకున్నాను. ముందు ఇద్దర్నీ ఈ చేతులతోనే కాటికి మోసుకెళ్లాను కదే. మళ్లీ అలాగే మోయాల్సొస్తుందేమోనని... నా వల్ల కాక పారిపోయాను."

"తెలుసు," అంది ఆవిడ.

"తెలుసా?"

"మూట కట్టింది నేనే కదా. చలికాలానికి ముందే, నెలలు నిండేలోగా వచ్చేస్తానన్నారు. అంటూనే చలికోట్లు కూడా పెట్టమన్నారు. అప్పుడే అర్థమైంది. మీ మీద కోపం రాలేదు నాకు. నాకూ పారిపోవాలనే ఉండేదండీ. నేనెక్కడికి పోను, కడుపులో పెట్టుకుని?"

తండ్రి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

కొడుకు వాళ్లిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ముందు ఇద్దరూ అంటే?" అన్నాడు. "నాకు అన్నయ్యలు ఉండేవారా?"

చెప్పాల్సింది తానేనని తండ్రికి తెలుసు. "ఇద్దరు," అన్నాడు మెల్లగా. "ముగ్గురిలో నువ్వు చిన్నోడివిరా. అందుకే అలా పిలిచేవాణ్ణి. అలా పిలిస్తే వాళ్లు కూడా ఉన్నట్టుండేది."

"వాళ్ల పేర్లు?"

"పేరు పెట్టేదాకా ఆగలేదు నాయనా," అంది తల్లి. "ఊళ్లో ఎవరెవరి పిల్లల పేర్లో కుట్టాను. నా పిల్లలకి కుట్టడానికి పేరు లేకపోయింది. నువ్వు నిలిచాక ఇహ చెయ్యి ఆగలేదు. ఏ గుడ్డ దొరికితే దానిమీద నీ పేరే. అది మీ నాన్న గుండెల్లో దిగబడుతోందని నాకేం తెలుసు?"

కొడుకు వంగి ఒక రుమాలు తీశాడు. మడతల దగ్గర గుడ్డ పసుపెక్కింది. దారం మాత్రం కుట్టిన రోజు రంగులోనే ఉంది. బొటనవేలితో అక్షరాలు నిమిరాడు.

"ఇంకో సంగతి కూడా చెప్పనా?" అంది టీచరమ్మ ముక్కు చీదుకుంటూ. "ఆ రెండూ కాదు, ఇది ఏదో ఇంకా పాత పేరుకి ముద్దుపేరు అనేవాళ్లూ ఉన్నారు. చివర 'ఉలస్' ఉంది చూశావూ, లాటిన్‌లో చిన్నవాటిని మురిపెంగా పిలవాలంటే అది తగిలిస్తారు. మన భాషలో చెప్పాలంటే చిన్నోడు అన్నట్టే. ఏమయ్యా మేస్త్రీ, లాటిన్ రాకుండానే సగం పేరు పిలుస్తూనే ఉన్నావు."

తల్లి కన్నీళ్లలోనే నవ్వింది. కొడుకు పెదవీ కదిలింది. తండ్రి మాత్రం నవ్వలేదు. తల అడ్డంగా ఊపాడు.

"నన్ను తప్పించకండి టీచరమ్మగారూ. సగం పిలిస్తే పిలిచినట్టు కాదు." కొడుకు వైపు తిరిగాడు. "నువ్వు పుట్టినప్పుడు దూరంగా ఉన్నది కొన్నాళ్లేరా. ఆ తర్వాత ఇదే ఇంట్లో, నీ పక్కనే కూర్చుని అన్నం తింటూ, ఇన్నేళ్లూ దూరంగానే ఉన్నాను. ఆ ఇంజినీరు నవ్విన నవ్వుని నేనే నిజం చేశాను. నీ బడిలో బహుమతిచ్చిన రోజు అందరూ నీ పేరు పెట్టి అరుస్తుంటే, నేను వెనక వరసలో నోరు మూసుకుని నిలబడ్డాను. అది ఇప్పుడు ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను నీకు?"

"నేను వెనక్కి తిరిగి చూశాను నాన్నా ఆ రోజు," అన్నాడు కొడుకు. "మీ నోరు కదుల్తుందేమోనని."

ఆ మాటతో తండ్రి నిలువునా కరిగిపోయాడు. పెద్ద పెద్ద ఇనప దూలాలు ఎత్తించిన మనిషి, పట్టుకోవడానికి ఏదీ దొరకనట్టు గాల్లో చెయ్యి చాపాడు. కొడుకు ఆ చెయ్యి పట్టుకున్నాడు గానీ వెంటనే దగ్గరికి రాలేదు. ఇన్నేళ్లది ఒక్క పూటలో పోతుందా? తల్లికీ అది తెలుసు. అందుకే తొందరపెట్టలేదు. వంటింట్లో టీ మరిగి మరిగి అడుగంటిన వాసన వస్తున్నా లేవలేదు.

"ఆఫీసుకి టైమవుతోందిరా. వెళ్లాలనుంటే వెళ్లు," అన్నాడు తండ్రి. "నీ పేరు నీ ఇష్టం. నేను అడ్డుపడను. ఆ హక్కు నాకు లేదు కూడా. వెళ్లేముందు ఈ మిషను ఒక్కసారి చూడు. ఇందాక పరీక్ష పూర్తవలేదు."

టీచరమ్మ కర్ర ఊతంగా లేచి, గలీబు సంగతే మర్చిపోయి గుమ్మం దగ్గర నిలబడింది. తండ్రి వెళ్లి స్టూలు మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. వీపు నిటారుగా పెట్టుకున్నాడు. కొడుకు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

చెప్పాల్సిన మాట ఏదో ఇద్దరికీ తెలుసు. కొడుకు నోరు తెరిచాడు. ఇందాక పరీక్షలో రెండుసార్లు అనేసిన పేరు ఇప్పుడు నోటికి రానంటోంది. ఇదే పేరు మళ్లీ ఆ గోడకి తగిలి ఊరికే తిరిగొస్తే తట్టుకోగలనా అని భయమేసింది. రుమాలు గుప్పిట్లో నలిగిపోతోంది.

"ప్రో..." అన్నాడు తండ్రి.

అలవాటు లేని నోరు. మధ్యలో తడబడి, ఆగి, గుటక మింగి మళ్లీ ఎత్తుకున్నాడు.

"ప్రో... కులస్."

కొడుకు నిలబడ్డచోటే ఉండిపోయాడు. "నేనింకా ఏ మాటా చెప్పలేదు నాన్నా," అన్నాడు, ఏడుపు ఆపుకుంటూ.

"తెలుసురా. నేను పిలుస్తున్నాను." ముసలాయన ఇటు తిరగలేదు. తిరిగితే పిలవలేనేమోనని గోడనే చూస్తూ ఈసారి వంతెన ఈ చివరి నుంచి ఆ చివరికి వినపడేలా పిలిచాడు. "ప్రోకులస్! ఒరేయ్, వినపడుతోందా?"

"వినపడుతోంది నాన్నా," అన్నాడు కొడుకు. ఒక్కడుగు ముందుకేసి, నలిగిన ఆ రుమాలుతో తండ్రి తడి చెంపలు తుడిచాడు.